కనిపెట్టుకొను కాలములో చేతిలోని పని

ధ్యానమునకు వాక్యభాగములు: యిర్మీయా 29:1–14, నిర్గమకాండము 2:15–3:4



మన పల్లె సంఘములలో ఈ దినములలో తరచుగా వినబడు ప్రశ్న ఒకటి కలదు. "మీ అమ్మాయి ఇంకా ఆ దేశములోనే ఉన్నదా? తరువాత ఏమి చేయునట?" అడుగువారు ప్రేమతోనే అడుగుదురు. అయినను జవాబు లేని తల్లిదండ్రులకు అది ముల్లువలె గ్రుచ్చుకొనును. జవాబు కొరకు వెదకుచున్న బిడ్డకు మరి ఎక్కువగా గ్రుచ్చుకొనును.

మా సంఘములో పెరిగిన ఒక అమ్మాయి బి.ఇడి. ముగించి, మాల్దీవులలోని ఒక చిన్న ద్వీపమునకు ఉపాధ్యాయురాలుగా వెళ్ళినది. ఒక్క సంవత్సరమని వెళ్ళినది. ఇప్పుడు మూడవ సంవత్సరము జరుగుచున్నది. తిరిగి వచ్చి డి.ఎస్.సి. పరీక్షకు కూర్చుండవలెనా, పై చదువునకు వెళ్ళవలెనా, పెద్దలు చూచిన సంబంధమునకు ఒప్పుకొనవలెనా, ఆమెకు తేటపడలేదు. తేటపడువరకు అక్కడ లెక్కలు చెప్పుచున్నది. ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను.

మాల్దీవులు మన దేశమునకు నైరుతి దిక్కున సముద్రములో చెదరియున్న సుమారు 1,200 చిన్న ద్వీపముల దేశము. వాటిలో ప్రజలు ఊళ్ళు కట్టుకొని కాపురమున్నవి 200 లోపే. అక్కడి పిల్లలు ఇంటిలో దివేహి భాష మాటలాడుదురు. దానిని కుడి నుండి ఎడమకు వ్రాయుదురు. బడిలో ఎక్కువ పాఠములు ఇంగ్లీషులోనే జరుగును. అందుచేత అనేక ఏండ్లుగా మన దేశపు ఉపాధ్యాయులు అక్కడికి వెళ్ళుచున్నారు. ఆ దేశపు మతము ఇస్లాము. పరదేశి తన గదిలో ప్రార్థన చేసికొనవచ్చును గాని, బహిరంగముగా ఆరాధన జరుపుటకును, అక్కడివారికి తన మతము బోధించుటకును ఆ దేశపు చట్టము ఒప్పదు. శుక్ర శనివారములు సెలవు, ఆదివారము బడి. మన గుడి గంట మ్రోగు వేళకు ఆ అమ్మాయి పిల్లల యెదుట నిలువబడి కూడికలు, భిన్నములు చెప్పుచుండును.

ఇక్కడ నా తప్పు ఒప్పుకొనవలెను. కొన్ని నెలల క్రిందట బుధవారపు ప్రార్థన కూటములో, అందరు వినుచుండగా, "ప్రభువా, దారి తప్పి తిరుగుచున్న ఈ బిడ్డకు దారి చూపుము" అని ఆమె పేరు చెప్పి ప్రార్థించితిని. మంచి ప్రార్థనయే చేసితిననుకొంటిని. ఆమె తల్లి ఆశీర్వాదము వరకు నిలువక, కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని వెళ్ళిపోయినది. వారము తిరుగకమునుపే ఆ అమ్మాయి ఫోనులో నాకు పెద్ద ఉత్తరమే వ్రాసి పంపినది.

"అయ్యగారూ, దారి తెలియలేదన్న మాట నిజమే. దారి తప్పితినని మీతో ఎవరు చెప్పిరి? మొన్న తరగతిలో ఒక పిల్లవాడు, 'టీచర్, వచ్చే యేడు కూడా మీరుంటారా?' అని అడిగినాడు. నాకు ముందు వీరికి లెక్కలు చెప్పిన ఇద్దరు ఏడాది నడుమనే వెళ్ళిపోయిరట. నేను జవాబు చెప్పలేకపోతిని. అయ్యగారూ, నాకు దారి తెలియకపోవుట పాపమా? లేక దారి తెలియకుండ వీరికి టీచరుగా ఉండుట పాపమా? ఇది మీరు చెప్పండి."

వేదాంత పాఠశాలలో చదువుకొన్న నేను ఈ ప్రశ్నకు వెంటనే జవాబు వ్రాయలేకపోతిని. పది దినములు వాక్యమును త్రిప్పుచు ఆలోచించితిని. అప్పుడు నాకు దొరికినదే మీ ముందు పెట్టుచున్నాను.

మొదట యిర్మీయా వ్రాసిన ఉత్తరము చూడుడి. బబులోనుకు చెరపట్టబడిన వారికి యెరూషలేము నుండి అది వెళ్ళినది. వారి మనస్సంతయు ఒకే ప్రశ్న మీద ఉండెను: ఇంటికి ఎప్పుడు? హనన్యా అను ప్రవక్త రెండేండ్లలోనే అంతయు చక్కబడునని వారికి ఇష్టమైన జవాబు చెప్పెను (28:3). అది దేవుని మాట కాదు. దేవుడు 70 ఏండ్లు అనెను. అంతవరకు ఏమి చేయవలెను? ఇండ్లు కట్టుకొని, తోటలు వేసికొని, వాటి ఫలము తినుచు, తాము ఉన్న ఆ పట్టణపు క్షేమము కొరకే ప్రార్థింపవలెనని ప్రవక్త వ్రాసెను.

ఆ చెరవారు బలవంతముగా కొనిపోబడిరి. ఈ అమ్మాయి తన ఇష్టముచొప్పున వెళ్ళినది. ఈ భేదము నేను మరువలేదు. అయినను ఉపదేశము ఇద్దరికిని తగును. పెట్టె కట్టి తలుపు దగ్గర పెట్టుకొని కూర్చున్నవాడు తోట వేయడు. తోట వేయుటకు మిగిలిన జీవితమంతయు ఎట్లు జరుగునో తెలిసియుండనక్కరలేదు. మన తాతలు చెరువు గట్టున మామిడి నాటినప్పుడు పండు తామే తిందుమని నాటిరా?

రెండవది, మోషే. అతడు మిద్యానుకు పిలుపు వచ్చి వెళ్ళలేదు. ఫరోకు భయపడి పారిపోయెను. కుమారుడు పుట్టినప్పుడు గెర్షోమని పేరు పెట్టెను. తాను పరదేశినను బాధ ఆ పేరులోనే యున్నది. అక్కడ 40 ఏండ్లు గడిపెనని స్తెఫను చెప్పెను (అపొ. కార్యములు 7:30). రాజగృహములో పెరిగినవాడు మామగారి మందను కాచెను. ఆ గొఱ్ఱెలు అతనివి కావు. "ఇది నా పని కాదు, నా పని వేరే యున్నది" అని చెట్టు నీడను పండుకొనియుండవచ్చును. అతడు మందను మేత కొరకు అరణ్యము అవతలికి తోలుకొని వెళ్ళెను. పొద మండుట చూచినది ఆ పనిలో ఉన్నప్పుడే.

ఈ వాక్యముమీద మనము సాధారణముగా ఒక ప్రసంగము చేయుదుము: దేవుడు గొఱ్ఱెల వలన మోషేకు శిక్షణ ఇచ్చి గొప్ప పనికి సిద్ధపరచెనని. నేనును అనేక పర్యాయములు అట్లే చెప్పితిని. అందులో సత్యము కలదు గాని, కొరతయు కలదు. మోషేకు శిక్షణ కావలెను, నిజమే. గొఱ్ఱెలకు ఆ దినమే నీరు కావలెను. ఆ ద్వీపములోని పిల్లవానికి ఈ అమ్మాయి జీవితములో రాబోవు గొప్ప పనితో ఏమి నిమిత్తము? వానికి ఈ యేడు భిన్నములు రావలెను. మన బిడ్డలు దారి తెలిసికొనుటకు ఇతరుల బిడ్డలను మెట్లుగా వాడుకొనకూడదు.

కాబట్టి ఆమె ప్రశ్నకు నా జవాబు ఇది. దారి తెలియకపోవుట పాపము కాదు. దారి తెలియకుండ పాఠము చెప్పుటయు పాపము కాదు. శరీరము తరగతిలో నుండగా మనస్సును ఎప్పుడును వేరే చోట ఉంచుట, జీతము తీసికొని సగము హృదయమే ఇచ్చుట, అది తప్పు. ఏమి చేసినను ప్రభువు నిమిత్తము మనఃపూర్వకముగా చేయవలెనను ఉపదేశము (కొలొస్సయులకు 3:23) మొదట చెప్పబడినది ఎవరికి? తమ దారి తాము ఏర్పరచుకొను స్వాతంత్ర్యమే లేని దాసులకు.

అయితే కనిపెట్టుట వేరు, దాగుకొనుట వేరు. బయటికి రెండును ఒకేరీతిగా కనబడును. యోనా కూడ పరదేశమునకే ప్రయాణము కట్టెను; అతనికి దారి తెలియక కాదు, తెలిసియే. ఈ భేదము కనుగొనుటకు ప్రతివాడు తన్ను తాను మూడు ప్రశ్నలు అడుగుకొనవచ్చును. నేను చేయవలెనని స్పష్టముగా తెలిసిన పని ఏదైనను విడిచిపెట్టి వచ్చితినా? నా యెదుటనున్న వారి పేళ్ళు, కష్టములు నాకు తెలియునా? ఇంటికి వ్రాయునప్పుడు నిజము వ్రాయుచున్నానా? మొదటిదానికి "అవును" అని వచ్చినయెడల, ఎంత బాగుగా పాఠము చెప్పినను తిరిగి రావలెను. తక్కిన రెంటికి "లేదు" అని వచ్చినయెడల, ఉన్న చోటనే మనస్సు మార్చుకొనవలెను.

మరి ఆ పిల్లవానికి ఏమి జవాబు చెప్పవలెను? రాత్రి కరెంటు వచ్చినప్పుడు పొలమునకు నీరు కట్టబోవు రైతు చేతిలో టార్చిలైటు ఉండును. అది పొలమంతయు చూపదు. అడుగు పెట్టు గట్టు మాత్రము చూపును. వాక్యమును దీపముతో పోల్చిన కీర్తనకారుడు (119:105) కూడ పాదములను గూర్చియే చెప్పెను. కనబడినంత మేరకు మాట ఇవ్వవచ్చును. అంతకు మించి ఇచ్చుట అబద్ధము. అంతమాత్రమును ఇవ్వకపోవుట పిరికితనము. అందుచేత ఆమెకు ఇట్లు వ్రాసితిని: "తల్లీ, వచ్చే యేడు సంగతి నీకు తెలియదు గనుక చెప్పవద్దు. ఈ యేడు పరీక్షలు ముగియువరకు ఉందునని చెప్పుము. చెప్పినట్లు ఉండుము. అక్కడి చట్టమునకు ఒప్పుకొని వెళ్ళితివి గనుక దానిని గౌరవించుము. మాట నిలుపుకొను టీచరును ఆ పిల్లలు చూచినయెడల అదియే నీ సాక్ష్యము."

సంఘస్థులారా, ఇప్పుడు మన సంగతి. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టు సంఘములు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాలుకు, అక్కడి తోటలలో కూలి చేయుచున్న తెలుగువారి యొద్దకు పంపిరి. ఏ పనికి పోవుచున్నది ఆయనకు తెలియును, పంపినవారికిని తెలియును. అట్టివారి కొరకు మనము చేతులుంచి ప్రార్థింతుము. దారి తెలియక వెళ్ళు బిడ్డను మాత్రము జీతమెంత అని అడిగి సాగనంపుదుము. తిరిగి వచ్చినప్పుడు ఎంత తెచ్చెనని అడుగుదుము. ఇద్దరిలో ప్రార్థన ఎవరికి ఎక్కువ కావలెను? ఇకమీదట "తరువాత ఏమి?" అని అడుగుటకు ముందు, "నీ తరగతిలో ఎందరు పిల్లలు? వారు బాగున్నారా?" అని అడుగుదము. ఆ పిల్లల కొరకును ప్రార్థింతము.

పోయిన బుధవారము అదే కూటములో, ఆ తల్లి కూర్చుండియుండగా, నా పాత ప్రార్థనను గూర్చి అందరి యెదుట క్షమాపణ అడిగితిని. ఆమె ఏమియు అనలేదు. ఆశీర్వాదము వరకు ఉన్నది. కుమార్తెకు ఇంకను దారి తేటపడలేదు. పిల్లవానికి మాత్రము జవాబు చెప్పినదట. వాడు "సరే టీచర్" అని లెక్కల పుస్తకము తెరచినాడట.

ప్రార్థన: మా కాలగతులు ఎరిగిన తండ్రీ, దూరదేశములలో పరుల బిడ్డలకు చదువు చెప్పుచు నీ చిత్తము కొరకు కనిపెట్టుచున్న మా బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. రేపటిని గూర్చిన చింత నేటి పనిని దొంగిలింపకుండ వారిని కాపాడుము. తొందరపడి తీర్పు తీర్చు మా నోళ్ళకు కావలియుంచుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.