యంత్రం మాట, మనిషి మాట

‘యూజర్ ఎర్రర్’ అని రాసి టికెట్ మూసేయడం నాకు అలవాటే. ఒకసారి అలా మూసేసినదాంట్లో తప్పు నా కోడ్‌దేనని నెల తర్వాత తెలిసింది. సారీ చెప్పాను, అక్కడితో అయిపోయింది.

బ్రిటన్‌లో పోస్టాఫీసులు నడిపేవాళ్ళకి మాత్రం అక్కడితో అయిపోలేదు. హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ ఖాతాల్లో లేని లోటు చూపించింది. 1999-2015 మధ్య 900 మందికి పైగా దోషులయ్యారు. కొందరు జైలుకీ వెళ్ళారు.

బగ్గు లేని ప్రోగ్రామ్ ఎక్కడుంటుంది? నన్ను భయపెట్టేది బగ్గు కాదు. కంప్యూటర్ సరిగ్గానే పనిచేసిందని కోర్టు ముందే అనుకోవాలట, అక్కడి చట్టం అది. కాదని చూపించాల్సింది ముద్దాయే. లాగ్‌లేమో ఎదుటిపక్షం చేతుల్లో! నిర్దోషి అనుకోవాల్సింది మనిషిని కదా, ఆ మర్యాద యంత్రానికి దక్కింది.

2024లో ప్రత్యేక చట్టం తెచ్చి ఆ శిక్షల్ని మూకుమ్మడిగా రద్దు చేశారు. ఆ సూత్రాన్ని మాత్రం ముట్టుకోలేదు. దాన్ని మార్చాలా అని ప్రభుత్వం అభిప్రాయాలు అడిగింది 2025లో.

చట్టం సంగతి వాళ్ళు చూసుకుంటారు. నా సంగతి? అవతలి మనిషికి లాగ్ చూపించలేనప్పుడు ‘మా సిస్టమ్ కరెక్టే’ అనే హక్కు నాకు లేదు. నాకు తెలియకపోవడం అతని నేరానికి సాక్ష్యం కాదు.