పోయేది వెంట్రుక కాదు

అబ్బాయీ,

నీ 1884-ఎస్ మోర్గన్ డాలర్‌ను స్లాబ్ అనే ప్లాస్టిక్ పెట్టెలోంచి బయటికి తీసి మళ్ళీ గ్రేడింగ్‌కు పంపుతానన్నావు. అప్పటికప్పుడు వద్దనలేదు. నీ వయసువాడికి వద్దంటే ఆ రాత్రికే గ్యారేజీలోకి వెళ్ళి పటకారు వెతుకుతాడు. తీరిగ్గా చెబితే వింటావన్న ఆశతో ఇది రాస్తున్నాను. ‘వస్తే కొండ, పోతే వెంట్రుక, అంతే కదా మావయ్యా’ అన్నావే, నా పేచీ అంతా ఆ ముక్క దగ్గరే. వచ్చేది కొండే కావచ్చు. పోయేది మాత్రం వెంట్రుక కాదు.

ముందు కొండ సంగతే చూద్దాం. నీ ఆశ ఉత్తినే పుట్టలేదు. షెల్డన్ అనే ఆయన అమెరికా తొలినాళ్ళ పెద్ద రాగి సెంట్ల కోసం 1949లో పెట్టిన 1 నుంచి 70 దాకా లెక్కే ఇవాళ అమెరికా నాణేలన్నిటికీ కొలబద్ద. 60, ఆ పైన అంటే ఎంఎస్, చెలామణిలో నలగనిది. 58 అంటే ఏయూ, కొత్తదే అనిపిస్తుంది కానీ ఎక్కడో కాస్త రాపిడి తగిలింది. మామూలు నాణేల్లో ఈ గీతకు అటూ ఇటూ ధర పెద్దగా మారదు. 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల కొట్టిన డాలర్ల కథ వేరు. కొట్టింది 32 లక్షలు, తక్కువేమీ కాదు. కానీ అవి సంచుల్లో నిద్రపోలేదు, పడమటి రాష్ట్రాల్లో చేతులు మారి మారి అరిగాయి. అరిగినవి కావలసినన్ని దొరుకుతాయి, అరగనివి బహు కొద్ది. అందుకే 58 కాస్తా 61, 62 అయితే ధర ఎన్నో రెట్లు లేస్తుంది. 1886-ఓ, 1901 ఫిలడెల్ఫియా డాలర్లదీ ఇదే తంతు. కాయిన్ షోలో ఈ మూడింటి దగ్గర దీపం కింద వంగి నిలబడ్డవాళ్ళ మొహాలు చూడు, ఎవడి మనసులో ఏ అంకె తిరుగుతోందో ఇట్టే తెలిసిపోతుంది.

ఈ తేడా నీ ఒక్కడికే కనబడిందా మరి? 58 అని ఉన్న నీ స్లాబ్ లేబుల్ ఈమధ్యది. అంటే ఆ నాణేన్ని ఎవరో ఈమధ్యే గ్రేడింగ్‌కు పంపారు. నీ దాకా వచ్చేలోపు అది ఇద్దరు ముగ్గురు డీలర్ల చేతుల్లోనైనా పడి ఉంటుంది. నాణెం తిప్పి చూడటం మీదే వాళ్ళ పొట్ట గడుస్తుంది. 61 వచ్చే వీలుంటే దాన్ని నీకు 58 ధరకు ఎందుకు వదులుకుంటారు? ఒకసారి పంపి ఉంటారు, అదే 58 వచ్చి ఉంటుంది, ఇంకోసారి పగలగొట్టి పంపి ఉంటారు, చివరికి విసుగెత్తి అమ్ముకుని ఉంటారు. నీ నాణెం విషయంలో ఇలాగే జరిగిందని రుజువు చూపలేను. ఈ వ్యాపారం నడిచే తీరు మాత్రం ఇది. గ్రేడర్లేం అమాయకులు కాదు. డబ్బంతా ఏ గీత దగ్గర పోగుపడి ఉందో వాళ్ళకూ తెలుసు, అక్కడే దీపం ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటారు.

పగలగొట్టే ఆట స్లాబులంత పాతది. గ్రేడింగ్ కంపెనీలు పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ ఆ మరుసటి ఏడు మొదలయ్యాయి. నాణేన్ని గట్టి ప్లాస్టిక్‌లో మూసి, లేబుల్ మీద అంకె వేసి, దీనికి మా పూచీ అనడంతో సరుకు కళ్ళారా చూడకుండానే కొనే వీలొచ్చింది. అదే నాణెం మళ్ళీ పంపితే ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుందని డీలర్లు పసిగట్టడానికి ఎంతో కాలం పట్టలేదు. ఇందులో మోసమేమీ లేదురా. అంకె వేసేది మనుషులు, ఒక్కో నాణెం మీద చూపు నిలిపేది కొన్ని సెకన్లు. 64కూ 65కూ నడుమ అంచున నిలిచిన నాణెం ఒకరోజు ఇటూ ఒకరోజు అటూ ఒరిగితే వింతేముంది?

తొలి ఏళ్ళలో అంకెలు బిగబట్టి వేశారని, పోనుపోను చెయ్యి వదులైందని పాతవాళ్ళు చెప్పుకుంటారు. దాంతో జనం ఆనాటి పెట్టెల కోసం ఎగబడ్డారు. లోపల నాణెం వదులుగా ఉండి ఊపితే గలగలమనే పెట్టెకు రాట్లర్ అని పేరు పెట్టారు. ఆకుపచ్చ లేబుల్ ఉన్న పెట్టెలనూ అలాగే వెతికి పట్టుకున్నారు. కొనడం, పగలగొట్టడం, పై అంకె తెచ్చుకోవడం. ఇన్నేళ్ళుగా ఇదే జరిగాక ఎక్కేవన్నీ ఎప్పుడో ఎక్కిపోయాయి, మిగిలినవాటిలో చాలావాటికి ఆ అంకే సరైన అంకె. తమాషా ఏమిటంటే, పగలకుండా మిగిలిన ఆ పాత ప్లాస్టిక్కుకే ఇప్పుడు విడిగా ధర పలుకుతోంది. ఎన్‌జీసీ మొట్టమొదట వాడిన నల్ల పెట్టె కనబడితే లోపలేముందో చూడకముందే బేరమాడేవాళ్ళున్నారు.

ఇక నువ్వు వెంట్రుక అన్నదేమిటో చూద్దాం. ప్లాస్టిక్ చిట్లిన క్షణమే పూచీ పోతుంది. నకిలీ అని తేలినా, అంకె ఎక్కువ వేశామని తేలినా నష్టం కట్టిస్తామన్న కంపెనీ మాట ఆ పెట్టెలో ఉన్నంతసేపే. బయటికి తీశాక నీ చేతిలో ఉండేది 26.73 గ్రాముల లోహం, నూటికి తొంభై వంతులు వెండి. వేరే టంకశాల నాణెం మీద ‘ఎస్’ అక్షరం అతికించిన సరుకు మోర్గన్లలో ఉంది. 1893-ఎస్ లక్ష మాత్రమే కొట్టారు కాబట్టి మోసగాళ్ళ కన్ను ముందు దాని మీద పడింది, నీ 1884కూ ఆ అనుమానం తప్పదు. స్లాబ్ లేకుండా అమ్మబోతే కొనేవాడు నాణేన్ని చూసేముందు నీ మొహం చూస్తాడు.

నీ పెట్టె మీద సీఏసీ వాళ్ళ పచ్చ స్టిక్కర్ ఉందన్నావు కదూ. పీసీజీఎస్ పుట్టినప్పుడూ ఎన్‌జీసీ పుట్టినప్పుడూ ముందున్న జాన్ ఆల్బనీస్ గారే 2007లో ఈ సీఏసీ పెట్టారు. పెట్టె తెరవకుండా పైనుంచి చూసి, అంకెకు నాణెం నిలుస్తుందనుకుంటే పచ్చది అంటిస్తారు. అంకె తక్కువైంది, పైదానికైనా తగును అనుకుంటే బంగారు రంగుది. నీకు వచ్చింది పచ్చది. అంటే నువ్వు అడగబోయే ప్రశ్నకు ఆరితేరిన కన్ను ఒకటి ముందే సగం జవాబు చెప్పింది. ఆ స్టిక్కర్ ఉండేది ప్లాస్టిక్ మీద, నాణెం మీద కాదు. పగలగొడితే ప్లాస్టిక్‌తోపాటు చెత్తబుట్టలోకే.

అన్నిటికంటే నాకు భయం వేసేది డీటెయిల్స్ గ్రేడ్. అంకె ఒకటి తగ్గితే ఏడ్చి ఊరుకోవచ్చు. ‘తుడిచారు’, ‘ఉపరితలం మార్చారు’ అని రాసి అంకే లేకుండా పంపితే ఏం చేస్తావు? ఎప్పుడో ఎవరో గుడ్డతో తుడిచిన సన్నటి గీతలను గ్రేడర్ ఆనాడు చూసీచూడనట్టు వదిలేసి ఉండొచ్చు. ఈసారి కూర్చున్నాయన వదలకపోవచ్చు. నాణెం అదే, నువ్వు దాన్నేమీ చెయ్యలేదు, అయినా ధర సగానికి పడిపోతుంది. ఎవరి మీద దావా వేస్తావు?

లెక్కే కావాలంటే చేద్దాం, నువ్వు లెక్కల మనిషివి. ఇవి నేను ఊరికే అనుకున్న అంకెలు, మార్కెట్ ధరలు కావు. 1,000 డాలర్ల నాణేలు పది తీసుకో. పై అంకె వస్తే 2,000, కింది అంకె వస్తే 700, డీటెయిల్స్ అయితే 500. పదింటిలో ఒకటి ఎక్కింది, రెండు దిగాయి, ఒకటి డీటెయిల్స్‌లో పడింది, ఆరు ఎలా వెళ్ళాయో అలాగే వచ్చాయి. లాభం 1,000. నష్టం 600, 500, కలిపి 1,100. ఫీజు, పోస్టు, ఇన్సూరెన్స్ నాణేనికి 50 చొప్పున మరో 500. మొత్తం మీద 600 డాలర్లు నీ జేబులోంచి పోయాయి. షోలో నీకు కనబడేది మాత్రం ఆ ఎక్కిన ఒక్కటే. దాని యజమాని దాన్ని అందరికీ చూపిస్తాడు, మిగతా తొమ్మిదింటినీ ఇంట్లో పెట్టి వస్తాడు. ఏ అంకెకు ఎన్ని నాణేలు వచ్చాయో కంపెనీలు చెప్పే పాపులేషన్ రిపోర్టులనూ గుడ్డిగా నమ్మొద్దు. ఒకే నాణేన్ని నాలుగుసార్లు పంపి పాత లేబుళ్ళు తిప్పి ఇవ్వకపోతే అది నాలుగు నాణేలుగా లెక్కలోకెక్కుతుంది.

పగలగొట్టకుండానే అడిగే దారులున్నాయి. పీసీజీఎస్ వాళ్ళ రీకన్సిడరేషన్‌లో నాణేన్ని పెట్టెలో ఉంచే చూస్తారు. ఎక్కుతుందనుకుంటేనే తెరుస్తారు, లేకపోతే ఉన్నది ఉన్నట్టు వెనక్కి వస్తుంది. ఒక కంపెనీ పెట్టెలోంచి ఇంకో కంపెనీ పెట్టెలోకి మార్చుకునే క్రాసోవర్‌లో ‘ఇంతకంటే తక్కువైతే తెరవొద్దు’ అని నువ్వే కనీస అంకె రాసి ఇవ్వొచ్చు. ప్లాస్టిక్‌లోంచి చూస్తే వెలుగు సరిగ్గా తెలియదని, అందుకే అలా పంపినవి ఎక్కడం కష్టమని నీ స్నేహితులు అంటారు. అందులో కొంత నిజముంది. ఫీజుతో పోయేదానికీ నాణెంతో పోయేదానికీ తేడా లేదా మరి? అంత మనసైతే రీకన్సిడరేషన్‌కు పంపుకో, నేను అడ్డు చెప్పను.

ఒక్కటి మాత్రం ఖరాఖండిగా చెబుతున్నాను, డిప్ జోలికి వెళ్ళకు. పంపేముందు థయోయూరియా కలిసిన ఆమ్లంలో ముంచితే మరకలు పోయి తెల్లగా మెరుస్తుందని ఎవడో నీకు చెబుతాడు, చెప్పకుండా ఉండడు. అది మురికిని కడగదు, లోహం పైపొరను తింటుంది. టంకశాల అచ్చు దెబ్బకు పుట్టిన మెరుపు ఆ పొరలోనే ఉంటుంది. నాణెం తిప్పుతుంటే చుట్టూ గాలిమరలా తిరిగే ఆ వెలుగు ఒకసారి చస్తే ఏ కంపెనీ తిరిగి ఇవ్వలేదు.

కార్సన్ సిటీ డాలర్లు కూడా రెండు కొన్నావుగా, ప్రభుత్వం వాళ్ళ పెద్ద ప్లాస్టిక్ పెట్టెల్లో. వాటిని అసలు ముట్టుకోవద్దు. ట్రెజరీలో మిగిలిపోయిన సీసీ డాలర్లను 1972లో మొదలుపెట్టి 1980 దాకా విడతలుగా ఆ పెట్టెల్లోనే అమ్మారు. ఆ పెట్టె నాణెం చరిత్రలో భాగం, కొనేవాళ్ళూ పెట్టెతోనే అడుగుతారు. గ్రేడ్ కావాలంటే పెట్టె తెరవకుండానే చూసి చుట్టూ పట్టీ వేసి ఇచ్చే ఏర్పాటు ఎన్‌జీసీలో ఉంది.

పగలగొట్టడం మహాపాపమని నా ఉద్దేశం కాదు. 1881-ఎస్ లాంటి సులువుగా దొరికే డాలర్లు నేనే ఎన్నో విప్పి ఆల్బంలో పెట్టుకున్నాను. వరసగా ఏళ్ళు, టంకశాలలు కళ్ళముందు కనబడుతుంటే ఉన్న సుఖం స్లాబుల దొంతరలో లేదు. కాని అది అమ్ముకునే ఆలోచనతో చేసిన పని కాదు. ఇంకో సందర్భముంది. పాత మెత్తటి ప్లాస్టిక్ కవర్లలోని పీవీసీ నాణెం మీద పచ్చటి జిగురు పొర వదులుతుంది. అది కడగకుండానే స్లాబ్‌లో మూతపడితే లోపలే తింటూ ఉంటుంది. అలాంటిది కనబడితే తెరవాల్సిందే, అయితే తెరిచేది నువ్వు కాదు. నాణేలు శుభ్రం చేసే ఎన్‌సీఎస్ అనే విభాగం ఎన్‌జీసీ వాళ్ళకు ఉంది, పెట్టెతో సహా వాళ్ళకు పంపు.

ఏదో ఒకనాడు నువ్వే పగలగొడతావు, నాకు తెలుసు. కనీసం చవక నాణెంతో నేర్చుకో. ముందు పెట్టెనూ సర్టిఫికెట్ నంబర్‌నూ నాణెం రెండువైపులనూ ఫొటో తీసిపెట్టు. గచ్చునేల మీద నిలబడి చెయ్యకు, బల్ల మీద మందపాటి తువ్వాలు పరుచుకుని కూర్చో. కళ్ళద్దాలు పెట్టుకో, ఆ ముక్కలు ఎగిరి కొడతాయి. అంచులను కొరికే పటకారుతో మూలల నుంచి కొద్దికొద్దిగా చుట్టూ కత్తిరిస్తూ రావాలి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తావంటే అది జారి లేడీ లిబర్టీ బుగ్గ మీదే దిగుతుంది. మోర్గన్‌లో గ్రేడర్ మొట్టమొదట చూసేది ఆ బుగ్గే. నాణేన్ని అంచు పట్టుకునే తియ్యి. పెట్టడానికి మైలార్ కవర్ వాడు. పాత లేబుల్ కంపెనీకి తిప్పి పంపు, లెక్కలోంచి తీసేస్తారు. రాగి నాణేల జోలికి మాత్రం పోకు, ఇవాళ్టి వేలిముద్ర వచ్చే ఏడాదికి గోధుమరంగులో పైకి తేలుతుంది.

ఇంకొకటి మిగిలింది. ఇంట్లో ఉన్న విక్టోరియా రూపాయలు, నిజాం చార్మినార్ రూపాయి, అమ్మమ్మ కాసులపేరులోంచి విడిపోయిన కాసులు నీ దగ్గరికి పంపించి స్లాబుల్లో పెట్టిస్తానని మా అక్కయ్య ఉబలాటపడుతోంది. వందేళ్ళు దాటిన నాణెం మన దేశంలో పురావస్తువు కిందికి వస్తుంది. 1972 చట్టం ప్రకారం దాన్ని దేశం దాటించకూడదు, ఎవరి సూట్‌కేసులో చీరల మడతల్లో పెట్టి పంపినా నేరమే. పైగా కాసులకు కొంకీలు అతికిన గుర్తులుంటాయి, ఎక్కడికి పంపినా వచ్చేది డీటెయిల్సే. ఈ సంగతి మీ అమ్మకు నువ్వే చెప్పు. నేను చెబితే, అమెరికా వెళ్ళి తమ్ముడు చట్టాలు నేర్చాడని పండక్కి వచ్చిన చుట్టాలందరి ముందూ దెప్పుతుంది.