మత్తుకు బానిసైనవాడు: పాపియా? రోగియా?

ఎదిగిన కొడుకు మత్తుకు అలవాటు పడ్డాడని తెలిసిన రోజున ఇల్లు రెండుగా చీలిపోతుంది. 'వీడు అల్లాహ్ ఆజ్ఞను కాలదన్నిన పాపి, ఇంట్లోంచి గెంటేయాలి' అంటాడు తండ్రి. 'వాడికి ఒంట్లో బాగోలేదు, ఏమీ అనకండి' అంటుంది తల్లి. ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. ఆ సగాన్నే పూర్తి సత్యమనుకుని నడిస్తే మాత్రం బిడ్డ ఇద్దరికీ దక్కకుండా పోతాడు.

మత్తు హరామ్ అనే విషయంలో రెండో మాటకు తావు లేదు. సూరా మాయిదా 90, 91 ఆయతుల్లో అల్లాహ్ సారాయిని షైతాన్ చేష్టల్లో లెక్కించి, దానికి దూరంగా ఉండమని ఆజ్ఞాపించాడు. మత్తు కలిగించే ప్రతి వస్తువూ ఈ నిషేధం కిందికే వస్తుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్పష్టం చేశారు. గంజాయి, వైట్‌నర్, మత్తు కోసం మింగే నిద్రమాత్రలు, సీసాలకు సీసాలు తాగే దగ్గు మందు, సూదితో ఎక్కించుకునే పదార్థాలు - వీటి పేర్లు ఖుర్ఆన్‌లో లేవు కదా అనే సాకు చెల్లదు. ధర్మం, ప్రాణం, బుద్ధి, వంశం, ధనం - ఈ ఐదింటినీ కాపాడటం షరీఅత్ ఉద్దేశమని ఉలమాలు చెప్పారు. మత్తు ఒక్కటే ఈ ఐదింటినీ పాడుచేస్తుంది.

వస్తువు గురించిన తీర్పు ఇంత స్పష్టంగా ఉంది. మరి దాని చేతిలో చిక్కిన మనిషి గురించి ఏమనాలి?

దైవప్రవక్త (స) సన్నిధిలో

సహీహ్ బుఖారీలో ఒక ఉల్లేఖనం ఉంది. అబ్దుల్లాహ్ అనే ఒక వ్యక్తి ఉండేవారు. తన మాటలతో దైవప్రవక్త (స)ను నవ్విస్తుండేవారు. ఆయనకు తాగే అలవాటు ఉండేది. ఆ నేరానికి శిక్ష కూడా పడింది. అయినా మళ్లీ తాగి పట్టుబడ్డారు. ఇన్నిసార్లు పట్టుబడుతున్నాడే అని విసుగెత్తిన ఒకరు ఆయనను శపించారు. దైవప్రవక్త (స) వెంటనే ఆ శాపాన్ని వారించారు. ఆ మనిషికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఇలాంటి మరో సంఘటనలో, శిక్ష అనుభవించి వెళ్తున్న తాగుబోతును అల్లాహ్ అవమానపరచుగాక అని ఒకరు అంటే, అతనికి వ్యతిరేకంగా షైతాన్‌కు సాయపడవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

ఈ రెండు సంఘటనలను జాగ్రత్తగా గమనించండి. తప్పును తప్పు కాదనలేదు. శిక్షను రద్దు చేయలేదు. కానీ ఆ మనిషిని సమాజం నుంచి బయటకు నెట్టనివ్వలేదు. మళ్లీ మళ్లీ తప్పు చేస్తున్న మనిషి గుండెలో విశ్వాసం, దైవప్రేమ మిగిలి ఉండవచ్చని చెప్పారు. శపించేవాడు తాను ధర్మం పక్షాన నిలిచానని అనుకుంటాడు. నిజానికి అతను షైతాన్ పని సులువు చేస్తున్నాడు.

అలవాటు సంకెలగా ఎలా మారుతుంది?

మొదటిసారి ఎవరూ బలవంతంగా తాగరు. స్నేహితుడు అందించిన సిగరెట్‌ను తీసుకోవడం, వద్దనడం మన చేతిలో పనే. అక్కడ మనిషి బాధ్యత పూర్తిగా ఉంది. కానీ రోజులు గడిచేకొద్దీ మెదడు ఆ పదార్థానికి అనుగుణంగా మారిపోతుంది. నిన్న సరిపోయిన మోతాదు ఇవాళ సరిపోదు. సుఖం కోసం మొదలైనది బాధ తప్పించుకోవడానికి తప్పనిసరి అవుతుంది. మానేస్తే వణుకు, చెమటలు, వాంతులు, ఒళ్లునొప్పులు, నిద్రలేమి మొదలవుతాయి. రోజూ ఎక్కువగా మద్యం తాగేవారు, మత్తు కోసం నిద్రమాత్రలు మింగేవారు ఉన్నట్టుండి ఆపేస్తే మూర్ఛలు వచ్చి ప్రాణాలే పోవచ్చు.

2015లో తెలంగాణలో ఇది కళ్లారా చూశాం. కల్తీ కల్లుపై అధికారుల దాడులు పెరిగి సరఫరా ఆగిపోగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎంతోమంది కూలి జనం వింతగా ప్రవర్తిస్తూ, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరారు. వాళ్లు తాగింది కల్లే అనుకున్నారు. అందులో కలిపిన అల్ప్రాజోలం, డయాజిపాం వంటి మందులకు వాళ్ల మెదడు బానిసైపోయింది. వట్టి మనోబలంతో మానేయవచ్చు అనేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి.

ఒకడు అజాగ్రత్తగా గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నాడనుకోండి. దూకడం అతని తప్పే. అంతమాత్రాన 'తప్పు నీదే, లేచి నడువు' అని ఎవరూ అనరు. ముందు ఎముక కట్టిస్తారు. అయితే కట్టు కట్టించుకోనని మొండికేస్తే అది మరో తప్పు అవుతుంది. మత్తుకు బానిసైనవాడి స్థితీ ఇంతే. మొదటి అడుగుకు అతను జవాబుదారి. చిక్కుకున్న తర్వాత అతను రోగి కూడా. రోగి అయినందువల్ల బాధ్యత పోదు. చికిత్సకు వెళ్లడం, అక్కడ నిజం చెప్పడం, దాన్ని మధ్యలో వదిలేయకపోవడం ఇప్పుడు అతని బాధ్యత. వ్యాధులకు చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఏ తప్పు వల్ల వచ్చిన రోగమో విచారించి ఆ తర్వాత వైద్యం చేయించమని అనలేదు.

'రమజాన్‌లో మానేస్తాడు కదా!'

చాలా ఇళ్లలో వినిపించే వాదన ఇది. 'రమజాన్ నెలంతా ముట్టడు, పండుగ మర్నాడే మొదలుపెడతాడు. అంటే కావాలనే చేస్తున్నాడు.' కొందరి విషయంలో మొదటి మాట నిజమే. కానీ రమజాన్‌లో మారేది అతని మనసు ఒక్కటే కాదు. చుట్టూ ఉన్నదంతా మారుతుంది. సహరీకి ఇంట్లో అందరూ లేస్తారు. ఇఫ్తార్‌కు ఎదురుచూస్తారు. సాయంత్రం అడ్డాకు వెళ్లే వేళకు మసీదులో ఉంటాడు. తరావీహ్‌లో పక్కన నిలబడేవాడు స్నేహితుడవుతాడు. పండుగ రాగానే ఈ ఏర్పాటంతా ఒక్కరోజులో మాయమవుతుంది. పాత వీధి, పాత స్నేహితులు, పాత సాయంత్రాలు తిరిగి వస్తాయి. రమజాన్ మనకు నేర్పే పాఠం ఏమిటంటే, పరిసరాలు మారితే మనిషి నిలబడగలడు. అలాంటి ఏర్పాటు మిగతా పదకొండు నెలలూ ఉండాలి. దీర్ఘకాలిక చికిత్స చేసే పని కూడా ముఖ్యంగా ఇదే.

చికిత్స ఎంత కాలం?

పది పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంచి తీసుకొస్తే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆ రోజుల్లో జరిగేది శరీరంలోని విషాన్ని దించి, మానేసినప్పుడు వచ్చే బాధలను మందులతో అదుపు చేయడం. అది చికిత్సకు తలుపు మాత్రమే. ఆ తర్వాత నెలల తరబడి మందులు, కౌన్సెలింగ్, కుటుంబంతో కలిపి మాట్లాడటం, పనిలో నిలదొక్కుకోవడం ఉండాలి. కేంద్రంలో ఉంచి చేసే చికిత్స మూడు నెలలకంటే తక్కువైతే ఫలితం పరిమితంగానే ఉంటుందని నిపుణులు చెబుతారు. మరో ప్రమాదం కూడా ఉంది. నల్లమందు జాతి మత్తులు కొన్నాళ్లు మానేసినవాడి శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. మళ్లీ అంతే తీసుకుంటే ఊపిరి ఆగి చనిపోవచ్చు. అందుకే కేంద్రం నుంచి ఇంటికి వచ్చిన తొలి వారాల్లో అతన్ని ఒంటరిగా వదలకూడదు.

మన దేశంలో ఈ చికిత్స అందుతున్నవారు ఎంత తక్కువో 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే చెప్పింది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు నిర్వహించిన ఆ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మద్యం తాగేవారు పురుషుల్లో 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. అంటే వ్యసనం ఎక్కువగా మగవాడిది, దాని భారం మోసేది భార్య, తల్లి.

కొందరికి నల్లమందు జాతి మత్తు స్థానంలో వైద్యులు బుప్రినార్ఫిన్, మెథడోన్ వంటి మందులు నెలలు, సంవత్సరాల తరబడి ఇస్తారు. 'ఒక మత్తు మాన్పించి మరో మత్తు ఇవ్వడమా?' అని ధర్మనిష్ఠ గలవారు అభ్యంతరపెడతారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే వైద్యుని అదుపులో సరైన మోతాదులో ఇచ్చే ఈ మందు తూగుడు కోసం కాదు. మనిషి తూలకుండా పనికి వెళ్లగలగడానికి, నమాజులో ఏమి చదువుతున్నాడో తెలిసి నిలబడగలగడానికి. అనివార్య పరిస్థితిలో ఉన్నవారికి సూరా బఖరా 173వ ఆయతు ఇచ్చిన సడలింపు మనకు తెలుసు. రెండు కీడుల్లో చిన్నదాన్ని ఎంచుకోవడం ఫిఖ్‌హ్ సూత్రాల్లో ఒకటి. 2010లో మలేషియా రాజధాని కౌలాలంపూర్‌లో, మలయా విశ్వవిద్యాలయం దగ్గరి అర్రహ్మాన్ మసీదులోనే మెథడోన్ చికిత్స మొదలుపెట్టారు. మందు తీసుకునేందుకు వచ్చినవారికి ధర్మబోధ కూడా అందేలా చూశారు. మందు, నమాజు ఒకదానికొకటి శత్రువులు కావని ఆ మసీదు చూపించింది.

తౌబా చేసి మళ్లీ తప్పితే?

ఈ వ్యాధిలో మళ్లీ పడిపోవడం తరచుగా జరుగుతుంది. అప్పుడు ఇంటివారు 'నీ తౌబా అంతా నాటకం' అంటారు. ఉలమాలు తౌబాకు షరతులు చెప్పారు: పాపాన్ని వదలడం, చేసినదానికి సిగ్గుపడటం, ఇక చేయనని గట్టిగా నిశ్చయించుకోవడం. తోటి మనుషుల హక్కు కాజేసి ఉంటే తిరిగి ఇచ్చేయడం. ఆ నిశ్చయం ఆనాడు నిజమైనదైతే, తర్వాత కాలు జారినంత మాత్రాన మొదటి తౌబా అబద్ధమైపోదు. మళ్లీ తౌబా చేయాలి. సూరా జుమర్ 53వ ఆయతు, తమకు తాము అన్యాయం చేసుకున్నవారిని సైతం దైవకారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని పిలుస్తోంది. అయితే భార్య నగలు అమ్మేసినవాడు, తమ్ముడి ఫీజు డబ్బు కాజేసినవాడు 'అల్లాహ్ క్షమించాడు' అని చేతులు దులుపుకోలేడు. ఆ బాకీ అలాగే ఉంటుంది. నిలదొక్కుకున్నాక కొంచెం కొంచెంగానైనా తీర్చాలి.

తాగినవాడి నమాజు నలభై రోజులు స్వీకరించబడదనే హదీసు విని కొందరు నమాజే మానేస్తారు. ఇది పొరపాటు. పుణ్యం దక్కదనే హెచ్చరిక అది. ఫర్జ్ మాత్రం అతని మీద ఉంటూనే ఉంటుంది. తౌబా తలుపు కూడా తెరిచే ఉంటుంది. మత్తులో ఉన్నప్పుడు నమాజుకు దూరంగా ఉండాలి. మత్తు దిగిన తర్వాత మసీదుకు రావాలి. వచ్చినవాణ్ణి చూసి మొహం తిప్పుకునే హక్కు మనకు లేదు.

ఇంటివారు జాగ్రత్తపడవలసినవి

కొట్టడం, గొలుసులతో కట్టేయడం చికిత్స కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదం జరిగితే గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పాతిక మందికి పైగా తప్పించుకోలేక కాలి చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనాన్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. కొట్టి మాన్పిస్తామని చెప్పే కేంద్రానికి బిడ్డను అప్పగించకండి.

మద్యం మాన్పించే మాత్రలను అతనికి తెలియకుండా కూరలో కలపకండి. తెలియక దానిపై మద్యం తాగితే ప్రాణాపాయం కలుగుతుంది.

కేసు అవుతుందనే భయంతో దాచిపెట్టకండి. సొంత వాడకానికి సంబంధించిన నేరంలో చిక్కుకున్న వ్యసనపరుడు తానే ముందుకొచ్చి గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పూర్తిచేస్తే, మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ అతనికి విచారణ నుంచి రక్షణ కల్పిస్తుంది. 14446 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలను సంప్రదించవచ్చు.

అన్నిటికంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. 'నికాహ్ చేస్తే దారిలోకి వస్తాడు' అని సంగతి దాచి ఒక ఆడపిల్లను తెచ్చుకోవడం. తోటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చడం పుణ్యకార్యమే. కానీ మరొకరి జీవితం దాని మీద ఆధారపడినప్పుడు దాచడం మోసమవుతుంది. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఆ ఇద్దరి విషయంలో ఉన్న ఇబ్బందులను దాచకుండా చెప్పారు. ఒకరి కొడుకును బాగుచేయడానికి మరొకరి కూతురు మందు కాదు. ముందు చికిత్స జరగాలి. అతను నిలకడగా ఉన్నాడని తేలాలి. అప్పుడు కూడా నిజం చెప్పే సంబంధం కలుపుకోవాలి.

సోదర సోదరీమణులారా! పాపాన్ని ద్వేషించడం ఈమాన్‌లో భాగం. పాపిని షైతాన్‌కు వదిలేయడం మాత్రం మన ధర్మం నేర్పలేదు. ప్రతి మొహల్లాలో మసీదు కమిటీ ఇద్దరు నమ్మకస్తులను ఈ పనికి కేటాయించాలి. బాధిత కుటుంబాలను రహస్యంగా వైద్యుల దగ్గరకు చేర్చడం, చికిత్స ముగించి వచ్చినవాడికి పని చూపించడం, సాయంత్రాలు అతనికి తోడుగా ఉండటం వారి బాధ్యత కావాలి. దానికయ్యే ఖర్చు ఎక్కువేమీ కాదు.

అల్లాహ్ మన బిడ్డలను ప్రతి మత్తు నుంచి కాపాడుగాక. చిక్కుకున్నవారికి విముక్తిని, వారి ఇళ్లకు ఓర్పును, మనకు వారి చేయి వదలని మనసును ప్రసాదించుగాక. ఆమీన్.