వాన మీద కేసు పెట్టలేం

కొన్ని చావులకు మన భాషలో కర్త ఉండడు. "వరదలో కొట్టుకుపోయారు" అంటాం. వాక్యం అక్కడితో అయిపోతుంది, ఎవరివల్ల అని అడగదు.

2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ అప్పటి నల్గొండ జిల్లాలోని వలిగొండ దగ్గర పట్టాలు తప్పి నీళ్ళలో పడింది. ఎగువన చెరువు కట్ట తెగి, ఆ వరదకు రైల్వే లైను మీది చిన్న వంతెన కొట్టుకుపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అదే రోజు సాయంత్రం ఢిల్లీలో బాంబులు పేలాయి. బాంబు పేలితే మనం మొదట అడిగేది "ఎవరు చేశారు?" అని. వరదొస్తే అడిగేది "ఎంత వాన పడింది?" అని. ఆ రెండూ ఒకే రకం నేరాలని నేననను. ఒకచోట చంపాలన్న ఉద్దేశం ఉంది, ఇంకోచోట లేదు. కానీ ఉద్దేశం లేదు కాబట్టి బాధ్యత కూడా లేనట్టేనా?

ఈ ప్రశ్న పాలమూరు నేల మీద అంతకు చాలా ముందే వచ్చింది. 1956 సెప్టెంబర్‌లో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. అక్కడా వందమందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళనాడులోని అరియలూరు దగ్గర మరో రైలు వరద పాలైంది. ఈసారి రాజీనామా ఆమోదించారు. తప్పు శాస్త్రిది కాదనీ, పదవికి తగిన సంప్రదాయం నిలబడాలనే ఆమోదిస్తున్నాననీ నెహ్రూ పార్లమెంటులో చెప్పాడు. శాస్త్రి చేసింది పెద్ద పనే. అయితే రాజీనామా అనేది ప్రమాదం తర్వాత వచ్చే బాధ్యత. చనిపోయినవాళ్ళకు కావలసింది దానికంటే ముందు రావలసిన బాధ్యత.

కరువు జిల్లాల్లో "ఇంత వాన ఎన్నడూ చూడలే" అన్న మాటను ఒకప్పుడు నిజాయితీగానే అనగలిగేవాళ్ళం. ఇప్పుడు అనలేం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందని శాస్త్రం చెప్తోంది. నెల రోజుల వాన ఒక్క రాత్రిలో పడొచ్చని తెలిసింది. తెలిశాక కూడా "అనుకోలేదు" అంటే, అది సాకు.

పైగా ఇది గొలుసుకట్టు చెరువుల నేల. పై చెరువు మత్తడి దుంకితే నీళ్ళు కింది చెరువుకు పోతాయి. పై కట్ట తెగితే ఆ భారమంతా కింది కట్ట మీద పడుతుంది. చెరువు ఒక శాఖది, పట్టాలు ఇంకో శాఖవి, వాన లెక్క మూడో శాఖది. నీళ్ళకు ఆ సరిహద్దులు తెలియవు. బాధ్యత మాత్రం ప్రతి సరిహద్దు దగ్గరా ఆగిపోతుంది.

మంచి ఉద్దేశం కూడా కాపాడదు. గేట్ల దగ్గర ప్రమాదాలు జరగొద్దని రైల్వే అండర్‌బ్రిడ్జిలు కట్టారు. 2022 జూలైలో మహబూబ్‌నగర్ జిల్లాలో అలాంటి ఒక అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన నీళ్ళలో స్కూలు బస్సు చిక్కుకుంది. స్థానికులు పిల్లల్ని బయటికి తెచ్చారు.

మరి ముందు రావలసిన బాధ్యత ఎలా ఉంటుంది? 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ గుంతలో ఏ రైలూ పడలేదు. రైళ్ళు ఆగిపోయాయి, చాలా రద్దయ్యాయి. రైలు ఆపడం వార్తల్లో "అంతరాయం". నా లెక్కలో అది నైతిక చర్య. జరగని ప్రమాదానికి స్మారకం ఉండదు, ఆపినవాడికి సన్మానమూ ఉండదు.

కానీ ఇక్కడ నేను తేల్చుకోలేని ముడి ఒకటుంది. రైలు ఆగితే నా ఆఫీసులో ఒక మెయిల్ పెడితే సరిపోతుంది. ప్యాసింజర్‌లో పట్నం పోయే అడ్డా కూలీకి ఆ రోజు కూలి పోతుంది. జాగ్రత్తకు ఖరీదుంది, దాన్ని ఎప్పుడూ జనరల్ బోగీయే కడుతోంది. వంతెన వెడల్పు చేయడం, కట్టలు చూసుకోవడం, పట్టాల వెంట నడిచే మనిషిని ఉంచడం ఎంత అవసరమో, రైలు ఆగిన రోజు బస్సు వేయడం, పోయిన కూలి ఇవ్వడం కూడా అంతే అవసరం. లేకపోతే బలహీనుణ్ణి వరద నుంచి కాపాడి, ఆ బిల్లు అతని చేతిలోనే పెట్టినట్టవుతుంది.