దయకు కొలత – గాజుతొట్టిలో కలిగిన ఒక ధర్మసందేహము

ప్రాణులయెడ దయ చూపవలెనని అందరును చెప్పుదురు. కాని ఒక ప్రాణిని చావకుండ కాపాడినంత మాత్రమున ఆ దయ పూర్తియగునా? కాపాడిన పిమ్మట దాని బ్రతుకును మోయవలసిన భారము కూడ మనదేనా? ఈ సందేహము నాకు మా యింటి వసారాలోని ఒక గాజుతొట్టి మూలమున కలిగినది.

కొన్నేండ్ల క్రిందట మా మనుమని ముచ్చట తీర్చుటకై నాలుగు ఏంజెల్ చేపపిల్లలను కొని తెచ్చితిని. ఇవి మన చెరువులలో పుట్టినవి కావు. దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము వీని జన్మస్థానము. 1823వ సంవత్సరమున వీనిని గూర్చిన శాస్త్రీయ వర్ణన తొలిసారిగ వెలువడినది. టెరోఫిల్లం అను వీని శాస్త్రనామమునకు గ్రీకు భాషలో రెక్కల ఆకు అని యర్థము. పలుచని పళ్ళెము వంటి దేహము, దానిపై నిలువు చారలు – నీట మునిగిన వేళ్ళ నడుమ దాగుటకు ప్రకృతి యిచ్చిన వేషమది. నేడు అంగళ్ళలో దొరకునవి మాత్రము చాలవరకు తొట్లలోనే పుట్టి పెరిగినవి. చెన్నైలోని కొళత్తూరు ఇట్టి అలంకార చేపల పెంపకమునకు పేరొందినది.

ఏడాది తిరుగునప్పటికి అందు రెండు చేపలు జతకట్టి, తక్కిన రెంటిని దరి జేరనీయక తరుమసాగినవి. వానిని వేరొక తొట్టికి మార్చి, బడిపిల్లలు వ్రాసుకొను పాత రాతిపలక నొకదానిని కడిగి జంట యున్న తొట్టిలో ఏటవాలుగ నిలిపితిని. జంట తమ నోళ్ళతో దానిని శుభ్రము చేసికొన్నది. ఆడచేప వరుస తీర్చి గ్రుడ్లు పెట్టుచుండ, మగచేప వెంటనంటి సాగి వానిని ఫలవంతము చేసినది. పలకపై చుక్కలు దిద్దినట్లు సుమారు మూడువందల గ్రుడ్లు. తల్లిదండ్రులు రెండును రెక్కలతో వానికి నీరు విసరుచు, చెడి తెల్లబడిన వానిని ఏరివేయుచు కావలి కాచినవి.

మరునాటి ఉదయమున చూడగా పలక ఖాళీగ నున్నది.

“తాతయ్యా, కన్నతల్లే తినేసిందా?” అని మనుమడు కన్నీరు పెట్టుకొన్నాడు. ముప్పది యేండ్లుగా బడిలో ప్రశ్నలకు బదులు చెప్పుచున్న నాకు ఆనాడు మాట రాలేదు.

పదిహేను దినములు గడవకముందే ఆ జంట మరల గ్రుడ్లు పెట్టినది. ఈసారి నేను పలకను పైకి తీసి, అదే తొట్టి నీరు నింపిన వేరొక పాత్రలో నుంచితిని. బూజు పట్టకుండ మిథిలీన్ బ్లూ అను నీలి మందు చుక్కలు వేసి, గాలి పంపు పెట్టితిని. మూడవనాటికి గ్రుడ్లు పొదిగినవి. మరి యైదారు దినములకు పిల్లలు ఈదసాగినవి. ఆర్టీమియా యను చిరుజీవుల గ్రుడ్లను ఉప్పునీట పొదిగించి, ఆ పిల్లలను దినమునకు నాలుగు మారులు వీనికి మేపితిని. నూటయెనుబదికి పైగా బ్రతికినవి. తల్లి చంపిన వానిని నేను బ్రతికించితినని నాలో కొంత గర్వము కూడ కలిగినది.

రెండు నెలలకే ఆ గర్వము దిగిపోయినది. చేపలు విడుచు మలినములనుండి అమ్మోనియా యను విషము పుట్టును. వడపోతలోని సూక్ష్మజీవులు దానిని మార్చును గాని, వాని శక్తికిని మేర కలదు. ఒకనాటి తెల్లవారుజామున చూతును గదా, పిల్లలన్నియు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరచి రొప్పుచున్నవి. అరువదికి పైగా ఆనాడే చచ్చినవి. ఇరుగుపొరుగువారు కొన్నిటిని కొనిపోయిరి. మిగిలినవి నాకు బరువైనవి. పెరిగిన ఏంజెల్ చేప దాదాపు పదునైదు సెంటీమీటర్ల పొడవుండును. బాగుగ సాకినచో పదియేండ్లు బ్రతుకును. ఇంతలో గ్రుడ్లు పోగొట్టుకొన్న ఆ జంట మూడవమారు పలక శుభ్రము చేయ మొదలిడినది.

“ఊరి చెరువులో వదలండి, పుణ్యం” అని ఒక మిత్రుడు సలహా చెప్పెను. అది పుణ్యము కాదు. తొట్టిలో పెరిగిన చేప చెరువులో పెక్కుసార్లు త్వరగా చచ్చును. బ్రతికినచో అచ్చటి జీవులకు ముప్పు కావచ్చును. దక్షిణ అమెరికానుండియే తొట్ల కొరకు వచ్చిన సక్కర్ చేపలు నేడు మన తెలుగునాట జలాశయములలో వ్యాపించి జాలరుల వలలు చింపుచున్నవి. మన భారమును చెరువుపై వేసి దానికి దయ యని పేరు పెట్టరాదు.

అప్పుడు మనుమని ప్రశ్న నాకు మరొక విధముగ వినిపించినది. తొలిసారి గ్రుడ్లు పెట్టిన జంటలు వానిని తినుట కలదు. బెదరిన జంటలు కూడ తినును. ఆ రాత్రి వచ్చిన చుట్టములకు చూపవలెనని ముమ్మారు దీపము వేసినవాడను నేనే. అద్దముపై వ్రేళ్ళతో కొట్టుచున్న పిల్లలను వారింపనివాడను నేనే. తల్లిపై మోపిన నేరములో నాకును పాలు కలదు. రెండవమారు చేసిన నేరము పూర్తిగ నాది. ఆరు చేపలకు చోటులేని యింట నూటయెనుబదింటిని పుట్టించితిని.

గ్రుడ్డు కూడ ప్రాణమే కదా, తినుచుండగ చూచి యూరకుండుట హింస కాదాయని మీరు అడుగవచ్చును. ఆ ప్రశ్నను నేను తేలికగ త్రోసివేయజాలను. ప్రకృతికి వదలితినని తప్పించుకొనుటకును వీలు లేదు. తొట్టి ప్రకృతి కాదు, నేను కట్టిన చెర. అయినను కన్ను తెరువని గ్రుడ్డు తల్లి కడుపున చేరుటకును, రెండు నెలలు పెంచిన పిల్ల విషపు నీట రొప్పి చచ్చుటకును భేదము కలదు. మొదటిది నేను ఆపజాలని దుఃఖము. రెండవది నేను కలిగించిన దుఃఖము.

నేడు మా యింట గ్రుడ్లను తల్లిదండ్రులనుండి వేరు చేయుట లేదు. చీకటి పడినంతనే తొట్టిపై గుడ్డ కప్పుదుము, ఎవ్వరును అద్దము తాకరు. అవి కాచుకొన్న యెడల కాచుకొనును, తినివేసిన యెడల తినివేయును. అడిగినవారి లెక్క ముందుగ తేలిననాడు మాత్రమే ఆ కొలదిని పిల్లలను వేరు చేసి పెంచుదును. మిగిలిన వానిని తలచుకొన్నప్పుడు నా మనస్సు నేటికిని పూర్తిగ నెమ్మదింపలేదు.

పాఠక మహాశయులారా, చేపయే కానక్కరలేదు. చిలుకయైనను, కుక్కపిల్లయైనను, ఆవుదూడయైనను ఇంటికి తెచ్చుటకు ముందు, ఎన్నిటిని, ఎన్నాళ్ళు మోయగలనని లెక్కించుకొనుడు. మీరు మంచమెక్కినచో వానికి నీరు మార్చువారెవరో కూడ తలచుకొనుడు. దయ ఒకనాటి కన్నీరు కాదు. దినదినము చేయవలసిన కాయకము.