పవిత్రం అంటే ఏమిటి? – ఒక కొండ, ఒక తోట, ఒక ఏరు

మన ఇళ్ళలో "పవిత్రం" అనే మాట రోజుకు పదిసార్లు వింటాం. పవిత్రమైన కొండ అంటాం, పవిత్రమైన చెట్టు అంటాం, పవిత్రమైన నది అంటాం. పూలతోటను కూడా దేవుడి నందనవనం అంటాం. అయితే ఒక చోటును పవిత్రం అని పిలిచినప్పుడు మనం నిజంగా ఏమి ఒప్పుకుంటున్నాం? పవిత్రత అనేది ఆ మట్టిలో, ఆ నీటిలో ఉండే గుణమా? లేక ఆ మట్టి ముందు, ఆ నీటి ముందు మనం నడుచుకునే తీరా? ఈ ప్రశ్నకు నాకు తోచిన జవాబును, మన కాట్పాడి, వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల చోట్లను ఉదాహరణగా తీసుకొని రాస్తున్నాను.

ముందు మనకు దగ్గరలో ఉన్న వల్లిమలై సంగతి చూద్దాం. సుబ్రహ్మణ్యస్వామి భార్య అయిన వల్లీదేవి పెరిగిన చోటు ఇదేనని నమ్మకం. ఆమె రాజు కూతురుగా అంతఃపురంలో కూర్చున్నది కాదు. వేటగాళ్ళ ఇంటి బిడ్డ. కొర్రచేనులో మంచె మీద నిలబడి, పిట్టలను తోలుతూ పంటకు కాపలా కాసింది. స్వామి ఆమెను వెతుక్కుంటూ ఆ చేను దగ్గరికే వచ్చాడంటారు. అదే కొండ మీద జైన గుహలు కూడా ఉన్నాయి. 9వ శతాబ్దంలో గంగవంశపు రాజు రాచమల్లుడి కాలం నాటి శాసనం, రాతిలో చెక్కిన తీర్థంకరుల బొమ్మలు అక్కడ చూడవచ్చు. ఒక వైపు చేను కాచిన అమ్మాయి కథ. ఇంకో వైపు చీమకైనా హాని చేయకూడదన్న మునుల బొమ్మలు. మతాలు వేరు, కథలు వేరు. కానీ కొండ ఒక్కటే. దీన్నిబట్టి నాకు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, పవిత్రమైన చోటు ఏ ఒక్కరి సొత్తూ కాదు. రెండు, ఆ పవిత్రత కాపలా కాయడంతో మొదలయింది.

ఇక మన కాట్పాడిలో రైలెక్కితే చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతి చేరుకుంటాం. తిరుమల ఏడు కొండలూ ఆదిశేషుడి శరీరమే అని భక్తులు నమ్ముతారు. అందుకే రామానుజాచార్యులు పాదం మోపడానికి మనసు రాక మోకాళ్ళ మీద ఎక్కారని చెబుతారు. ఆయన మాట ప్రకారం శిష్యుడైన అనంతాళ్వారు కొండ మీద ఉండిపోయి, స్వామికి పూలతోట వేశాడు. నీళ్ళ కోసం తనే చెరువు తవ్వాడు. నిండు గర్భిణి అయిన భార్య మట్టి గంపలు మోసింది. ఒక పిల్లవాడు వచ్చి ఆమెకు సాయం చేస్తే, తన సేవలో వేరొకరు జొరబడ్డారని కోపం వచ్చి అనంతాళ్వారు చేతిలోని గునపం విసిరాడు. అది ఆ పిల్లవాడి గడ్డానికి తగిలింది. తర్వాత గుడిలోకి వెళ్ళి చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం కారుతోంది. ఆ గాయానికి పచ్చకర్పూరం అద్దారట. అందుకే ఇప్పటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెడతారు. ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర వేలాడదీసి ఉంచారు.

ఈ కథలో చాలామందికి రక్తం, కర్పూరం గుర్తుంటాయి. నాకు మాత్రం మట్టి గంప గుర్తుంది. దేవుడు వచ్చింది పూజ చేయించుకోవడానికి కాదు, మట్టి మోయడానికి. తోట అంటే పూలు కోసుకునే చోటు మాత్రమే కాదు, ఒళ్ళు వంచి పనిచేసే చోటు. ఇంకో సంగతి కూడా ఉంది. తిరుమల కొండ మీద ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. అక్కడి పూలన్నీ స్వామివే అని ఆచారం. అంటే ఆ తోటకు ఒక హద్దు ఉంది. "అన్నీ మనకోసమే కాదు" అని ఆ హద్దు మనకు చెబుతుంది. నా దృష్టిలో పవిత్రత అంటే ముందుగా ఈ హద్దే.

మన పల్లెల్లో ఇదే హద్దును ఇంకో రూపంలో చూస్తాం. ఊరి బయట గంగమ్మకో, ఎల్లమ్మకో, మునీశ్వరుడికో ఒక వేపచెట్టు, దాని చుట్టూ కొంత తోపు ఉంటుంది. తమిళంలో దీన్ని కోవిల్ కాడు అంటారు. అక్కడ ఎండుపుల్ల కూడా ఏరుకోరు. "చెయ్యి వెయ్యకు నాయనా, అమ్మ ఉండే చోటది" అంటుంది మా అవ్వ. ఇటువంటి తోపుల్లో చుట్టుపక్కల ఎక్కడా మిగలని పాత చెట్లు, మందుమొక్కలు, పక్షులు బతికి ఉంటాయి. నరకని చెట్టు కింద నేల తడి ఆరదు. ఆ తడి పక్కనున్న బావులకూ అందుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. చెట్టు నరికితే అమ్మవారు కళ్ళు తీస్తుందన్న భయంతో నరకకుండా ఉంటే, అది ధర్మం అవుతుందా? భయంతో చేసిన మంచి మంచేనా? నా అభిప్రాయం ఇది. భయం అనేది లేత మొక్క చుట్టూ వేసే ముళ్ళకంప లాంటిది. మొక్క చిన్నగా ఉన్నప్పుడు మేకలు తినకుండా అది కాపాడుతుంది. కానీ కంప ఎప్పటికీ మొక్క కాదు. ఎవడో ఒకడు ధైర్యం చేసి కొమ్మ నరికాడనుకుందాం. వాడికి ఏమీ కాలేదు. మరుసటి రోజు పదిమంది గొడ్డళ్ళు తీసుకొని వస్తారు. భయం ఒక్కటే ఉన్న చోట ఇలాగే జరుగుతుంది. గౌరవం ఉన్న చోట అలా జరగదు. గౌరవం శిక్షను చూసి పుట్టేది కాదు.

దీనికి రాజస్థాన్‌లోని ఖేజర్లీ గ్రామమే సాక్ష్యం. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు కట్టెల కోసం చెట్లు కొట్టడానికి వచ్చినప్పుడు, అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీ చెట్టును కావలించుకొని ప్రాణం ఇచ్చింది. ఆమె వెనుక ఇంకా ఎంతోమంది నిలిచారు. మొత్తం 363 మంది చనిపోయారు. వాళ్ళకు చావు ఎదురుగా కనిపిస్తోంది. భయమే వాళ్ళను నడిపించి ఉంటే పారిపోయేవాళ్ళు. వాళ్ళు కాపాడిన ఖేజ్డీ చెట్టు వేరే ఏదో కాదు, దసరాకు మన తెలుగువాళ్ళు పూజించే జమ్మిచెట్టే. మనం ఏడాదికి ఒకసారి ప్రదక్షిణం చేసి, ఆకు తెంపి పెద్దల చేతిలో పెడతాం. అదే చెట్టు కోసం ఇంకోచోట ప్రాణాలు ఇచ్చారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన పాలారు. పేరులోనే పాలు ఉంది. సంస్కృతంలో క్షీరనది అంటారు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అక్కడ 93 కిలోమీటర్లు, ఆంధ్రలో 33 కిలోమీటర్లు, మన తమిళనాడులో 222 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. మూడు భాషల వాళ్ళు దీన్ని తల్లిగా తలచుకుంటారు. మరి ఆ తల్లి ఎలా ఉంది? వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ప్రాంతాల్లోని తోళ్ళ కార్ఖానాల నుంచి ఏళ్ళ తరబడి ఉప్పు, క్రోమియం కలిసిన నీళ్ళు నేలలోకీ ఏటిలోకీ చేరాయి. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఈ తోళ్ళ పరిశ్రమ ఉన్న ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పంటకు పనికిరాకుండా పోయిందన్న సర్వే సంగతి ఉంది. ఆ కేసు వేసింది మన వేలూరు పౌరుల సంఘమే. దేశమంతా చదివే తీర్పు అది.

పాలారును మనం పవిత్రం అనడం ఎప్పుడూ మానలేదు. అయినా ఏరు పాడయింది. కాబట్టి పేరు ఒక్కటే కాపాడదు. హద్దు లేని పవిత్రత వట్టి మాట. వేపచెట్టుకు "చెయ్యి వెయ్యకు" అన్న కట్టుబాటు ఉంది కాబట్టి అది నిలిచింది. ఏటికి పాట మిగిలింది, కట్టుబాటు పోయింది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. తోళ్ళ కార్ఖానాలనే తిట్టి ఊరుకుంటే సరిపోదు. మన జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు ఆ పని మీదే బతుకుతున్నాయి. అక్కడ పనిచేసే అమ్మానాన్నలు ఆ కూలితోనే పిల్లల్ని చదివిస్తున్నారు. తోలు చెప్పులు, బూట్లు వేసుకునేది మనమే. కాబట్టి పని ఆగిపోవాలని నేను అనడం లేదు. మురికినీటిని శుద్ధి చేయడానికి అయ్యే ఖర్చును ఎవరు భరించాలన్నదే ప్రశ్న. ఇప్పటిదాకా ఆ ఖర్చును ఏరు, ఏటి పక్కన బావి ఉన్న రైతు భరించారు. అది న్యాయం కాదు.

"దీనికి పవిత్రత ఎందుకు? చట్టం ఉంది, సైన్సు ఉంది, చాలవా?" అని ఒకరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. చట్టం కావాలి. కానీ 1996లో తీర్పు వచ్చింది. మళ్ళీ 2025 జనవరి 30న అదే పాలారు కాలుష్యం గురించి, నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇవ్వాలనీ, ఏటిని బాగుచేయాలనీ సుప్రీంకోర్టు ఇంకో తీర్పు చెప్పవలసి వచ్చింది. మధ్యలో 28 ఏళ్ళు గడిచాయి. చట్టం చాలాసార్లు తప్పు జరిగిపోయాక వస్తుంది. ఆశ్చర్యమేమిటంటే, 1996 తీర్పులో ముఖ్యమైన సూత్రాల్లో ఒకటి ముందుజాగ్రత్త సూత్రం. హాని జరుగుతుందని పూర్తిగా రుజువయ్యే దాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలని దాని అర్థం. "చెయ్యి వెయ్యకు నాయనా" అన్న మాటలో ఉన్నదీ అదే. చదువులేని అవ్వలు తోపు దగ్గర చెప్పిందే న్యాయమూర్తులు న్యాయభాషలో చెప్పారు. రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది. పవిత్రం అనే మాటతోనే మన దేశంలో ఎంతోమందిని గుడి బయట, చెరువు బయట నిలబెట్టారు. మహాడ్‌లో ఊరుమ్మడి చెరువు నీళ్ళు తాగే హక్కు కోసం 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేలమందితో నడవవలసి వచ్చింది. పశువులు తాగే నీళ్ళను మనుషులు ముట్టుకుంటే మైల అన్నారు. అలాంటి పవిత్రత మనకు అక్కరలేదు. అందుకే నేను ఒక కొలత పెట్టుకున్నాను. ఒక చోటు చుట్టూ గీసిన గీత దురాశను బయట నిలబెడుతోందా, మనిషిని బయట నిలబెడుతోందా? మొదటిదైతే అది పవిత్రత. రెండోదైతే అది అన్యాయం.

మన గుడియాత్తం గంగమ్మ శిరసు పండుగ కూడా నాకు ఇదే చెబుతుంది. వైశాఖంలో కౌండిన్యా నది ఒడ్డునున్న గుడికి అమ్మవారి శిరసును ఊరేగింపుగా తీసుకువచ్చి మొండేనికి అమర్చుతారు. దీని వెనుక రేణుకాదేవి కథ ఉంది. ఆమె రోజూ ఏటికి వెళ్ళి ఇసుకతో కుండ చేసి నీళ్ళు తెచ్చేది. చివరికి కొడుకు పరశురాముడి చేతనే ఆమె తల తెగింది. తిరిగి బతికించేటప్పుడు ఆమె తల, ఊరు అంటరానిదన్న ఒక స్త్రీ మొండేనికి అతుక్కుంది. అంటే వేలమంది చేతులెత్తి మొక్కే ఆ తల్లిలోనే, ఊరు దగ్గరకు తీసినవాళ్ళూ దూరం పెట్టినవాళ్ళూ ఒక్కటిగా ఉన్నారు. ఆ తల్లికి మొక్కి, తోటి మనిషిని దూరం పెట్టడం ఎలా కుదురుతుంది?

ఈ ఆలోచన మన ఒక్క మతానిదే కాదు. బైబిల్లో దేవుడు మొదటి మనిషిని ఏదెను తోటలో పెట్టింది దాన్ని సాగు చేయడానికీ, కాయడానికీ. ఖురాన్‌లో స్వర్గానికి వాడిన జన్నత్ అనే మాటకు అర్థమే తోట. బుద్ధుడికి జ్ఞానం కలిగింది రావిచెట్టు కింద, ఆయన మొదట బోధించింది సారనాథ్ జింకల వనంలో. పెద్దలందరూ దేవుణ్ణో సత్యాన్నో వెతకడానికి చెట్ల నీడకే వెళ్ళారు.

ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? తిరువణ్ణామలైలో కొండనే శివుడిగా భావించి పున్నమి రాత్రి 14 కిలోమీటర్లు ప్రదక్షిణం చేస్తాం. కాళ్ళు నొప్పి పుట్టినా ఆగం. అంత భక్తి ఉన్న చేతులే నీళ్ళ సీసాను ఆ శివుడి పాదాల దగ్గర పారేస్తాయి. కొండ దేవుడని నమ్మేది నిజమైతే, ఆ సీసాను ఇంటిదాకా మోసుకెళ్ళడం కూడా ప్రదక్షిణంలో భాగమే కావాలి.

మొదట అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. పవిత్రత మట్టిలో ఉందో లేదో వాదించుకోవచ్చు. కానీ అది నిలిచేది మాత్రం మన నడతలోనే. వల్లి చేను కాచింది. అనంతాళ్వారు చెరువు తవ్వాడు. అమృతాదేవి చెట్టును వదలలేదు. వాళ్ళు ఆ చోట్లకు ఏదో ఒకటి ఇచ్చారు, అందుకే అవి పవిత్రమయ్యాయి. 2021 నవంబరులో పాలారు రెండు గట్లూ నిండి పారినప్పుడు జనం వంతెనల మీద నిలబడి దండం పెట్టారు. ఆ దండం నిజమైనదే. అయితే ఏరు ఎండిన రోజుల్లో, ఇసుక తవ్వుతున్నప్పుడు, చెత్త బండ్లు గట్టు మీద ఆగినప్పుడు కూడా మనం ఆమెను తల్లి అనగలగాలి. తల్లి అన్నాక, అడగవలసినవాళ్ళను అడగాలి, మోయవలసిన మట్టి గంప మన వంతు మనం మోయాలి.