ఇంటిలోని కార్యాలయము

కర్నూలు, కడప జిల్లాలలో చదువుకొన్న స్త్రీలు ఇంటనుండియే దూరనగరముల కొలువులు చేయుట నేఁడు వింత కాదు. మానసిక వైద్యశాల నర్సుల నియామకములు, సెలవులు, తగవులు చూచు ఉద్యోగినినే తీసికొందము. రోగుల దుఃఖము పగలెల్ల విని యలసిన నర్సు తన గోడు చెప్పుకొనునది ఈమెతోనే. "రాత్రులు నిద్ర పట్టుట లేదు మేడమ్" అను నా మాట మన నడవలో వినఁబడును.

2017 నాఁటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 23వ సెక్షనులో, రోగి రహస్యమునకు రక్ష కల్పించినది. నర్సు చెప్పుకొన్న గోడునకో, రక్ష ఇంటివారి మర్యాదయే.

మిద్దె యిండ్లలో మాటకు మఱుఁగు తక్కువ. కడపబండలు కాఁగు వేసవిలో తలుపు మూసికొనుట కష్టమే. అయినను ఆమెను మూసికొననిండు. "ఎవరమ్మా, ఏడ్చుచున్నది?" అని అత్తగారు అడుగుట జాలిచేతనే కావచ్చును. బదులు చెప్పినచో కొలువుధర్మము చెడును. చెప్పకున్నచో కోడలికి పొగరను పేరు వచ్చును. ఉద్యోగము చేయనిచ్చితిమని సంతోషించు మనము, ఊరకుండు హక్కు నిచ్చితిమా? జీతము మాత్రము నెలనెలా లెక్క చూచుచున్నాము.

తలుపుగల గది ఇంట నొక్కటియే యున్నచో, పగటివేళ అది యామెదే కావలెను. మధ్యాహ్నపుఁ గునుకునకు మామగారికి వసారా చాలును.